పిడికెడు బియ్యానికి లెక్క అడుగుదాం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, గ్రూప్స్ పరీక్షలకు ఎట్లా చదవాలో రాస్తాననే అనుకొని ఉంటారు. అది రాయడానికి నాకంటే అర్హులైన అన్నలు చాలామంది ఉన్నారు. నేను ఆదివారం గురించి రాస్తున్నాను. మన హాస్టల్లో ఆదివారం పొద్దున బట్టలు ఉతుక్కొని, తలస్నానం చేసి, వార్డెన్ సార్‌కు చెప్పి చర్చికి పోయే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ పదిమందో పదిహేనుమందో ఉంటారు. నేనూ అట్లా పోయినవాణ్నే. ఇప్పుడు కరీంనగర్‌లో ఉండి ఎం.ఏ. చదువుతున్నాను. హాస్టల్ వదిలి ఇంటర్‌కో డిగ్రీకో పట్నం వచ్చిన ఆ పిల్లలు ఫోన్ చేసి నన్ను అడిగే మొదటి ప్రశ్న రూముల కిరాయి గురించి, రెండోది దీని గురించి: "అన్నా, ఇక్కడ ఏ చర్చికి పోవాలె? ఏది మంచిది?"

ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు వెతుక్కున్నందుకు మా ఇల్లు ఒకసారి నష్టపోయింది. అందుకే పేరు చెప్పకుండా, ఎట్లా వెతుక్కోవాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. ఎవరినీ ఏ మతంలోకీ రమ్మని నా ఉద్దేశం కాదు. మన హాస్టల్లో అన్ని రకాల మొక్కులవాళ్లూ ఉన్నారు, ఏ దేవుడూ లేడనే అన్నలూ ఉన్నారు. నేను క్రైస్తవుణ్ని కాబట్టి నాకు తెలిసిన చర్చి గురించి రాస్తున్నాను. ఇందులోని ప్రశ్నలు బాబాల దగ్గరికి, స్వాముల దగ్గరికి పోయేవాళ్లకు కూడా పనికిరావచ్చు.

నాయనమ్మ కుండ

మాది మానేరు ఒడ్డున ఒక పల్లె. మా తాత దొర దగ్గర జీతగాడు. మా బాపు ఐదో తరగతితో బడి మాని, కొన్నాళ్లు హమాలీ పని చేసి, తర్వాత మస్కట్ పోయాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాణ్ని నేను.

మా ఊరి చర్చి చాలా పాతది. 1880లలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు కరీంనగర్ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. మెదక్‌లో కరువు కాలంలో కూలీలకు పని కల్పించి, అన్నం పెట్టి కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన పెద్ద చర్చి కూడా ఆ మిషన్‌దే. 1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు, ఆంగ్లికన్లు, మరికొన్ని సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సి.ఎస్.ఐ. అనేది, ఏర్పడింది. 1978లో కరీంనగర్‌కు వేరే డయాసిస్ వచ్చింది. మా పెంకుల చర్చి ఆ పెద్ద చెట్టుకు ఒక చిన్న కొమ్మ.

మా నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారి, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. ఇంట్లో అందరికీ సరిపోని రోజు కూడా వేసేది. ఆదివారం ఆ బియ్యాన్ని కొంగున కట్టుకొని పోయి చర్చిలో గంపలో పోసేది. ఆరాధన అయిపోయాక సంఘ పెద్ద దాన్ని అందరి ముందు కొలిచి, అమ్మగా వచ్చిన పైసలు నోటుబుక్కులో రాసి, పోయిన వారం దీపానికి ఎంత ఖర్చయింది, రోగంతో ఉన్న ముసలమ్మకు ఎంత ఇచ్చారు, చదివి వినిపించేవాడు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారి కాలం నుంచి మన తెలుగు పల్లె సంఘాల్లో ఉన్న అలవాటు ఇది. చేతిలో పైసా లేని కూలోళ్లు కూడా తమ చర్చిని తామే నిలబెట్టుకోవడానికి ఉపయోగపడ్డ అలవాటు. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కాని ఆ లెక్క చదివేటప్పుడు చెవి ఒగ్గి వినేది. పోయిన వారానికీ ఈ వారానికీ పొంతన లేకపోతే అక్కడే అడిగేది. అడిగినందుకు ఆమెను విశ్వాసం లేని మనిషని ఎవరూ అనలేదు.

ఇప్పుడున్న దారులు

ఇప్పుడు సంగతి వేరు. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల ఏ పట్టణం చూసినా ఆదివారం పొద్దున ఒక్కో గల్లీలో ఒక్కో మైకు. సింగరేణి కాలనీల్లో అయితే చెప్పనక్కరలేదు. పాత సి.ఎస్.ఐ. చర్చిలున్నాయి. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడ్డ ఆదిలాబాద్ కతోలిక డయాసిస్ ఉంది, అది కేరళలోని తోమా అపొస్తలుని సంప్రదాయానికి చెందిన సీరో మలబార్ పద్ధతిలో నడుస్తుంది. హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా పనిచేసి 2000 సంవత్సరంలో కన్నుమూసిన భక్తసింగ్ గారి సహవాసాలున్నాయి. 1938లో దేవదాసు అయ్యగారు మొదలుపెట్టిన బైబిల్ మిషన్ ఉంది. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు, శనివారం ఆరాధించే సెవెంత్ డే వాళ్లు ఉన్నారు. వీటిలో దేనికీ చెందకుండా, ఒక పాస్టరు ఒక షెడ్డు వేసి మొదలుపెట్టిన స్వతంత్ర సంఘాలు లెక్కలేనన్ని. 2020 లాక్‌డౌన్ తర్వాత ఫోన్‌లోనే వాక్యం వినే అలవాటు కూడా వచ్చింది.

వీళ్లందరూ చదివేది ఒకే బైబిల్. కాని పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వొచ్చని కొందరు, నమ్మిన తర్వాత నీళ్లలో ముంచితేనే బాప్తిస్మమని కొందరు అంటారు. అన్యభాషలు మాట్లాడితేనే ఆత్మ ఉన్నట్టని కొందరు, ఆ వరాలు అపొస్తలుల కాలంతోనే అయిపోయాయని కొందరు అంటారు. నగలు పెట్టుకోవద్దని, పండుగ చేసుకోవద్దని, చుట్టాలింట్లో బోనం వండితే తినవద్దని చెప్పేవాళ్లున్నారు. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి తల తిరిగిపోతుంది. అందుకని ఎక్కువమంది పాటలు బాగున్న చోటికో, రూముకు దగ్గరున్న చోటికో పోతారు.

నా అభిప్రాయం ఏమిటంటే, మనం రెండు వేరు వేరు ప్రశ్నలను కలిపేసి తికమకపడుతున్నాం. ఈ సంఘం బోధ నా నమ్మకానికి సరిపోతుందా అన్నది ఒక ప్రశ్న. దీన్ని నడిపేవాళ్లను నమ్మవచ్చా అన్నది ఇంకొకటి. బోధ మనకు నచ్చినంత మాత్రాన మనుషులు నమ్మదగినవాళ్లు అయిపోరు. బోధలో మనకు తేడా ఉన్నంత మాత్రాన వాళ్లు మోసగాళ్లూ అయిపోరు. మొదటి ప్రశ్నకు జవాబు దొరకాలంటే చదవాలి, ప్రార్థించాలి, ఏళ్లు పట్టవచ్చు. రెండో ప్రశ్నకు జవాబు తెలుసుకొనే విద్య మాత్రం హాస్టల్ పిల్లలకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. అది మనకు మెస్ కమిటీలోనే వచ్చింది. అందుకే ముందు దాన్ని వాడమంటాను.

మెస్ కమిటీ నేర్పింది

తొమ్మిదో తరగతిలో నేను మెస్ కమిటీలో ఉన్నాను. హాస్టళ్లకు సన్నబియ్యం రావడం మొదలైన కొత్త రోజులు. మొదటి వారం నేను స్టాక్ రిజిస్టర్ అడగడానికి భయపడి వంటగది గడప దగ్గరే నిలబడ్డాను. అప్పటి వార్డెన్ సార్ తానే రిజిస్టర్ తెచ్చి నా చేతిలో పెట్టి, కాంటా మీద బస్తా పెట్టించి అన్న మాట ఇప్పటికీ మరువలేదు. "లెక్క అడిగేటోడు నన్ను దొంగను చేసేటోడు కాదురా. రేపు ఎవడన్నా నన్ను దొంగ అంటే, కాదని సాక్ష్యం చెప్పేటోడు."

తర్వాత బైబిల్ చదువుతుంటే ఇదే మాట పౌలు దగ్గర కనిపించి ఆశ్చర్యపోయాను. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం చూడండి. యెరూషలేములోని పేదల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే తీసుకుపోలేదు. తీతును, వాళ్లతోపాటు సంఘాలే ఎన్నుకున్న మరో సహోదరుణ్ని కలుపుకున్నాడు. అంత డబ్బు విషయంలో తన మీద ఎవరూ నింద వేయకూడదని, దేవుని ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సరిగా ఉండాలని కారణం కూడా చెప్పాడు. అంతటి పౌలుకే మెస్ కమిటీ అవసరమైతే, మన గల్లీ పాస్టరుకు అవసరం లేదా?

మా బాపు మస్కట్ నుంచి నెలనెలా పంపే పైసల్లో పదోవంతు మా అమ్మ పట్నంలోని ఒక కొత్త మందిరానికి ఇచ్చేది. మా ఇంటి అప్పు తీరకపోయినా ఇచ్చేది. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు, ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గరికి పోయి, సంఘానికి ఏడాది లెక్కలు ఏమైనా చదువుతారా అని మర్యాదగానే అడిగాను. ఆ రోజు ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం వాక్యంలో, నాలుగు అక్షరాలు రాగానే గర్వం నెత్తికెక్కిన పిల్లల గురించి, దైవజనుణ్ని ప్రశ్నిస్తే ఇంటికి వచ్చే శాపాల గురించి గంటసేపు చెప్పారు. పేరు చెప్పలేదు గాని అందరూ మా అమ్మ వైపే చూశారు. అమ్మ ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. మస్కట్‌లో బాపుకు ఏమైనా అయితే నీ వల్లే అన్నది. లెక్క అడిగితే లెక్క చెప్పాలి, శాపం చెప్పారంటే అక్కడ లెక్క లేదని నాకు అర్థమైంది.

ఇప్పుడు లెక్క చూడటానికి ఒక తేలిక మార్గం కూడా వచ్చింది. కానుకల కోసం గోడకు అంటించిన స్కానర్ మీద ఫోన్ పెట్టి చూడండి. పైసలు పంపే ముందు ఎవరి ఖాతాయో పేరు కనిపిస్తుంది. సంఘం పేరు వస్తుందా, పాస్టరు గారి పేరో, వాళ్ల అబ్బాయి పేరో వస్తుందా? సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, ఆడిట్ చేసిన లెక్కలుండాలి. మందిరం స్థలం ఎవరి పేరున ఉందో కూడా అడగవచ్చు. పాస్టరు కుటుంబం బతకడానికి జీతం తీసుకోవడంలో తప్పేమీ లేదు, ఎంతో అందరికీ తెలిస్తే చాలు. ఇది చిన్న సంఘాలకే చెబుతున్నది కాదు. పెద్ద సంఘాల్లో కమిటీలు, ఎన్నికలు, రిజిస్టర్లు అన్నీ ఉన్నా, భూముల తగాదాలు, పదవుల కొట్లాటలు కోర్టుల దాకా పోయిన సంగతులు మనకు తెలుసు. రిజిస్టర్ ఉండటంతోనే సరిపోదు, దాన్ని తెరిచి చూసే మెస్ కమిటీ కూడా ఉండాలి.

మైకు ఒక్కసారే ఇచ్చారు

ఇక మా ఇల్లు నష్టపోయిన సంగతి చెబుతాను. మా చిన్నబాపుకు టీబీ వచ్చింది. సర్కారు దవాఖానలో ఉచితంగానే ఆరు నెలల మాత్రలు రాశారు. రెండు నెలలకు దగ్గు తగ్గింది, కొంచెం ఒళ్లు చేసింది. ఆ సమయంలోనే ఒక స్వస్థత కూటానికి తీసుకుపోయారు. అక్కడ చేతులు ఉంచి ప్రార్థన చేసి, నమ్మినవాడికి మాత్రతో పనేమిటని అడిగారు. చిన్నబాపు స్టేజీ ఎక్కి, మైకులో సాక్ష్యం చెప్పి, ఇంటికొచ్చి మిగిలిన మాత్రలు పెంటకుప్పలో పారేశాడు. మేమందరం సంతోషపడ్డాం. నేను కూడా సంతోషపడ్డాను, అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మాత్రల వల్లే దగ్గు తగ్గిందని, మధ్యలో ఆపితే క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయని పాఠంలో చదివి కూడా నోరు తెరవలేదు.

నాలుగు నెలలకు నెత్తురు పడ్డది. ఈసారి మామూలు మాత్రలు పనిచేయవన్నారు. ఏడాదిన్నరకు పైగా మందులు మింగాడు. కడుపులో తిప్పి, చెవుల్లో హోరు వచ్చి, పని పోయి, పెద్ద చెల్లె చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. చిన్నబాపు బతికాడు గాని ఇప్పటికీ మిద్దె మెట్లు ఎక్కితే ఆయాసమే. ఆయన అన్న ఒక మాట నా మనసులో ఉండిపోయింది. "తగ్గిందని చెప్పెతందుకు మైకిచ్చిండ్రు. తిరగవెట్టిందని చెప్పెతందుకు మల్ల ఎవ్వలు పిలువలే బిడ్డా."

ప్రార్థనలో శక్తి లేదని నేను అనను. నేను పరీక్షకు పోయే ముందు ప్రార్థన చేసుకొనే పోతాను. కాని మందు మానమని చెప్పే హక్కు ఏ పాస్టరుకూ లేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా. మన పక్కనే నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో, ఊరు వెళ్లగొట్టిన కుష్ఠు రోగుల కోసం 1915లో ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ మెథడిస్టు మిషనరీయే. ఆ ఆవరణలో ప్రార్థన ఉంది, ఇంజెక్షనూ ఉంది. మంత్రతంత్రాలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. కాబట్టి ఏ సంఘానికి పోయినా, అక్కడ జబ్బుపడ్డవాళ్లకు ఏం చెబుతున్నారో గమనించండి. "ప్రార్థన చేస్తాను, రేపు దవాఖానకు నేనూ తోడు వస్తాను" అనే పాస్టరు దొరికితే ఆయనను వదులుకోవద్దు.

పంక్తిలో ఎవరు, పెళ్లిలో ఎవరు

మనలాంటి కుటుంబాలు చర్చికి పోయింది అన్నంకోసమో పాలపొడి కోసమో అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. మా తాత చెప్పిన కారణం వేరు. దొర గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకొని నడిచిన మనిషిని చర్చిలో చాప మీద అందరి పక్కన కూర్చోమన్నారట. అదే చర్చిలో ఇప్పుడు కులం లేదా? చాలా ఊళ్లలో మాలోళ్ల చర్చి వేరు, మాదిగోళ్ల చర్చి వేరు. బొందలగడ్డలు కూడా వేరే ఉన్న ఊళ్లున్నాయి. క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లో రక్షణ అనుభవంతోపాటు కులం కూడా అడుగుతారు.

గలతీ పత్రిక రెండో అధ్యాయంలో, అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కి తగ్గితే, పౌలు అందరి ముందే నిలదీశాడు. పంక్తి భోజనం చిన్న విషయమైతే పౌలు అంత పని చేసేవాడు కాదు. భక్తసింగ్ గారి కూటాల్లో వేలమంది చాపల మీద వరసగా కూర్చొని కలిసి తినేవాళ్లని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మీరు పోయే సంఘంలో పాస్టరు ఎవరింట్లో అన్నం తింటాడు, ఎవరింట్లో చాయ్ మాత్రమే తాగి లేస్తాడు, సంఘ పెద్దలు ఏ వాడ నుంచే వస్తారు, ఒక్కసారి చూడండి. ఇది ఎవరినీ అడగనక్కరలేదు, కళ్లతోనే తెలుస్తుంది.

కాగితం సంగతి

ఇది మన హాస్టల్లో గుసగుసగా మాట్లాడుకొనే విషయం. నేను బహిరంగంగానే రాస్తున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు అది వర్తించదు. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలా అన్నది పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, క్రైస్తవాన్ని నమ్మి పాటిస్తూ ఉద్యోగం కోసమే హిందువునని చెప్పుకోవడాన్ని ఒప్పుకోలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారిన ఒక పాస్టరుకు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పింది.

మా తాత రెవెన్యూ ఆఫీసులో మతం అడిగితే క్రైస్తవమనే రాయించాడు. అందుకని నా సర్టిఫికెట్ బీసీ-సి. మతం మారిన ఎస్సీలకు మన రాష్ట్రంలో ఇచ్చే కోటా అది, నూటికి ఒక్క సీటు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో మతం మారినవాళ్ల పిల్లలకు ఇచ్చే కొద్ది సీట్లలో ఒకటి దొరికి నేను ఇక్కడ చదివాను. మా పక్కింటి దోస్తుది అదే వాడ, అదే కూలి, అదే వివక్ష. అతనికి ఉన్న రక్షణ నాకు లేదు. ఈ చట్టం న్యాయమైనదని నేను అనుకోవడం లేదు. మతం మారితే ఊళ్లో కులం పోయిన దాఖలా నేను చూడలేదు. కాని చట్టం మారే దాకా అది చట్టమే.

నేను అడిగేది ఒక్కటే. ఇరవై ఏళ్ల పిల్లవాణ్ని బాప్తిస్మానికి తొందరపెట్టే పాస్టరు ఈ సంగతి అతనికి ముందే చెబుతున్నాడా? "కాగితం మీద ఏదైనా రాసుకో, ఎవరికి తెలుస్తుంది" అనే సంఘం అబద్ధం నేర్పుతోంది. ఏమీ చెప్పకుండా ముంచే సంఘం నిజం దాస్తోంది. నష్టం ఇదీ, చట్టం ఇదీ, ఆలోచించుకో, నీకు తొందరేమీ లేదు అని చెప్పే సంఘాన్నే నేను నమ్ముతాను. మా తాత తెలిసే రాయించాడు, ఆ విషయంలో నాకు ఆయన మీద కోపం లేదు. ఇంత ధర చెల్లించి తెచ్చుకున్న విశ్వాసం మాది. కాబట్టి దాని పేరున పోగైన ప్రతి రూపాయికీ లెక్క అడిగే హక్కు కూడా మాదే.

సరిపోయే సంఘం

నమ్మవచ్చా అన్నది తేలిన తర్వాతే సరిపోతుందా అన్న ప్రశ్న. ఎం.ఏ.లో చేరిన మొదటి ఏడాది నేను కావాలనే నాలుగు చోట్లకు పోయాను. పాత పెద్ద చర్చిలో కీర్తనలు విని నాయనమ్మ గుర్తొచ్చింది, కాని నా వయసువాళ్లు తక్కువ. డ్రమ్ములు, లైట్లు ఉన్న హాలులో నా వయసువాళ్లు వందలమంది, కాని మూడు నెలలు పోయినా నా పేరు ఎవరూ అడగలేదు. మంచిర్యాలలో దోస్తుతో కతోలిక పూజకు పోతే ఆ నిశ్శబ్దం మనసుకు హాయినిచ్చింది, అయితే నేను పెరిగిన బోధకు అది దూరం. నాలుగోది ఒక ఇంటి ముందు గదిలో ముప్పై మంది కూడుకునే చిన్న సంఘం. ఇప్పుడు అక్కడికే పోతున్నాను.

అది నాకు పూర్తిగా సరిపోయిందా అంటే లేదు. అక్కడ చిన్నప్పటి బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకోరు. నన్ను మళ్లీ బాప్తిస్మం తీసుకోమన్నారు, నేను ఒప్పుకోలేదు. ఇదే మాట ఒకసారి మా ఊరికి వచ్చిన బోధకుడు నాయనమ్మతో అంటే ఆమె అన్నది నాకు గుర్తుంది: "నీళ్లల్ల మునగకపోతే దేవుడు నన్ను గుర్తువట్టడా బిడ్డా?" ఆడవాళ్లు నిలబడి వాక్యం చెప్పడానికి కూడా అక్కడ ఒప్పుకోరు. దాని మీద పాస్టరు గారితో రెండుసార్లు వాదించాను. ఆయన బైబిల్ తెరిచి తన కారణాలు చూపించాడు, నేను నావి చూపించాను. ఆయన మారలేదు, నేనూ మారలేదు. కాని ఆ వచ్చే ఆదివారం వాక్యంలో నా మీద శాపాలేమీ పడలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం కానుకల లెక్క ఒక పిల్లవాడు చదువుతాడు. అన్నం అందరం ఒకే గిన్నెలోంచి పెట్టుకుంటాం. నూటికి నూరు పాళ్లు నాకు సరిపోయే సంఘమే కావాలంటే, అందులో నేనొక్కణ్నే మిగులుతాను.

తొందర వద్దని మరోసారి చెబుతున్నాను. మన హాస్టల్ గోడ మీదున్న అంబేద్కర్ 1935 అక్టోబరులో యేవలాలో, హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించాడు. నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో 21 ఏళ్లు. ఆ కాలమంతా మతాలను పరిశీలించాడు. క్రైస్తవం మీద కూడా వ్యాసాలు రాసి, మతం మారిన అంటరానివాళ్లను కులం ఎట్లా వెంటాడుతోందో నిలదీశాడు. ఆయన చేరిన మతంలో నేను లేను. కాని వెతికే పద్ధతి మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. బైబిల్‌లో కూడా, పౌలు చెప్పింది నిజమో కాదో అని ప్రతిరోజూ లేఖనాలు తిరగేసిన బెరయ ఊరివాళ్లను అపొస్తలుల కార్యాల గ్రంథం మెచ్చుకుంది, తిట్టలేదు.

మా అమ్మ ఇప్పటికీ ఆ పాత మందిరానికే పోతుంది. అక్కడ ఆమెకు దోస్తులున్నారు, కష్టంలో ఆమెతో ఏడ్చినవాళ్లున్నారు, అది నేను కాదనలేను. ఆమెను మాన్పించాలని ఇప్పుడు కొట్లాడటం లేదు. పోయిన క్రిస్మస్‌కు ఇంటికి పోయినప్పుడు, ప్రత్యేక కానుక కోసం ఇచ్చిన కవరు మీద ముద్రించిన స్కానర్ నా ముందు పెట్టి నెమ్మదిగా అన్నది: "దీంట్ల ఎవ్వల పేరు వస్తదో జర సూడు బిడ్డా." చూసి చెప్పాను. ఆమె ఏమీ అనకుండా ఆ కవరును బియ్యం డబ్బా కింద పెట్టింది.

పదో తరగతి అయిపోయి కరీంనగర్ వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు సెలవుల్లో నాకు ఫోన్ చేయండి. ఆదివారం కలిసే పోదాం. మీకు నచ్చిన చోటికే పోదాం. తిరిగి వచ్చి చాయ్ తాగుతూ ఏం చూశామో మాట్లాడుకుందాం. మెస్ కమిటీలో పనిచేసినవాళ్లు తప్పకుండా రండి.

— పూర్వ విద్యార్థి, ఎం.ఏ., కరీంనగర్